పంట పేరు కాదు, పురుగు పేరు చెప్పి కొనండి: లింగాకర్షక బుట్టలు, ఎరల మీద సమీక్ష

పురుగుమందుల దుకాణంలో లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని రప్పించి పట్టేవి, కావాలంటే చాలాచోట్ల "ఏ పంటకు?" అని అడుగుతారు. అడగాల్సింది "ఏ పురుగుకు?" అని. బుట్ట ప్లాస్టిక్‌ది, ఎవరు చేసిందైనా పని నడుస్తుంది. లోపల పెట్టే ఎర మాత్రం ఒక్క జాతికే పనికొస్తుంది, అందులోనూ మగ రెక్కల పురుగులకే. పత్తిలో గులాబీ రంగు పురుగు భయంతో బుట్టలు కొని వాటిలో శనగపచ్చ పురుగు ఎర తగిలిస్తే సీజనంతా కాచుకున్నా గులాబీ రెక్కల పురుగు వాసన పట్టి రాదు. బుట్ట ఖాళీగా ఉంది కాబట్టి చేలో పురుగు లేదనుకోవడం అంతకంటే పెద్ద నష్టం. కాయ కోసి చూసేనాటికి గింజ తినేసి ఉంటుంది.

ఈ సమీక్ష ఫలానా కంపెనీది కొనమని చెప్పడానికి కాదు. ఒకే కంపెనీ ఎర ఒక దుకాణంలో తాజాగా ఉంటుంది, పక్క ఊరి దుకాణంలో ఎండకు కాగి ఉత్త రబ్బరుగా మిగిలి ఉంటుంది. అందుకే ఏ రకం బుట్ట దేనికి పనికొస్తుంది, ఎరలో ఏం చూసి కొనాలి, పెట్టాక ఎక్కడ తప్పు జరుగుతుంది అన్నవే ఇక్కడ రాస్తున్నాం.

ఎర అంటే చిటికెన వేలి కొసంత ఉండే రబ్బరు బిరడా. దానిలోకి ఇంకించిన రసాయనం కొద్ది మిల్లీగ్రాములే. ఆడ రెక్కల పురుగు పొట్ట చివరి గ్రంథి నుంచి రాత్రిపూట వదిలే వాసనకు ఇది నకలు. ఇలాంటి వాసనను మొట్టమొదట వేరుచేసింది పట్టుపురుగు నుంచి. 1959లో జర్మనీలో అడాల్ఫ్ బూటెనాంట్ బృందం ఆ పని చేసింది. దానికి దాదాపు 5 లక్షల ఆడ పురుగులు వాడితే చేతికొచ్చింది కొన్ని మిల్లీగ్రాములు. మగ పురుగు మీసాలు అంత కొంచెం వాసనను కూడా పసిగడతాయి కాబట్టే వేలి కొసంత రబ్బరుతో వారాల తరబడి పని జరుగుతోంది.

ఇది ఒక్క జాతికే ఎలా పరిమితమవుతుందో తెలిస్తే నాసిరకం ఎర ఎందుకు దండగో కూడా తెలుస్తుంది. ప్రతి పురుగుకూ వేరే రసాయనం ఉంటుందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు రసాయనాలు అవే, పాళ్లు వేరు. శనగపచ్చ పురుగు వాసనలో ముఖ్యమైనవి రెండు: జెడ్-11-హెక్సాడెసినాల్, జెడ్-9-హెక్సాడెసినాల్. మొదటిది 97 పాళ్లు, రెండోది 3 పాళ్లు. వరి కాండం తొలుచు పురుగు వాడేదీ ముఖ్యంగా ఆ రెండింటినే, కాకపోతే 3కి 1 చొప్పున. ఇక పొగాకు, మిరప కుటుంబపు మొక్కల మీద బతికే హెలికోవర్పా అసల్టా శనగపచ్చ పురుగుకు బాగా దగ్గరి చుట్టం. దానికీ ఆ రెండే, పాళ్లు మాత్రం తిరగబడతాయి, రెండోదే ఎక్కువ. మూడు జాతులు, రెండే రసాయనాలు, అయినా ఒకదాని మగది ఇంకొకదాని ఆడదాన్ని వెతుక్కుంటూ పోదు. తయారీలో ఆ 3 పాళ్ల దగ్గర లెక్క తప్పితే ఎర చూడటానికి అలాగే ఉంటుంది, పురుగు మాత్రం రాదు.

గులాబీ రంగు పురుగుది ఇంకా సున్నితం. దాని వాసనను గాసిప్లూర్ అంటారు. 1973లో దీని గుట్టు సరిగ్గా తేలింది. అంతకుముందు అదే అనుకుని తయారుచేసినవి చేలో మగ పురుగుల్ని సరిగా రప్పించలేకపోయాయి. గాసిప్లూర్‌లోని రెండు భాగాలకూ అణువు ఒకటే, ఒక బంధం తిరిగి ఉన్న తీరులోనే తేడా. అవి రెండూ సగం సగం ఉండాలి. పురుగును చంపే విషాలను మొక్కే తయారుచేసుకునే బీజీ-2 రకం పత్తిలోని రెండు విషాలనూ తట్టుకునే శక్తి ఈ పురుగు సంపాదించుకుంది. పైగా ఇది పూతలో, కాయలో దాక్కుని తింటుంది, ఆకు మీద కనిపించదు. అందుకే పత్తి రైతు ఒకే ఒక్క రకం ఎర కొనదలిస్తే అది గాసిప్లూరే కావాలని గట్టిగా చెబుతాం.

పేర్ల దగ్గర తరచూ జరిగే పొరపాటు స్పోడోప్టెరా. సంచి మీద ఆ మాట కనిపించగానే తీసుకోకండి, దాని పక్క మాట చదవండి. స్పోడోప్టెరా లిటురా అంటే పొగాకు లద్దె పురుగు. వేరుశనగ, మిరప, పొగాకు, పత్తి దాని పంటలు. స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా అంటే కత్తెర పురుగు, 2018లో కర్ణాటకలో బయటపడి మన మొక్కజొన్నలోకి వచ్చింది ఇదే. ఇంటిపేరు ఒకటే అయినా వాటి వాసనలు వేరు. లిటురా ఎర మొక్కజొన్నలో పెడితే కత్తెర పురుగు జాడ తెలియదు. మిగతా పేర్లు కూడా గుర్తుంచుకోవాలి: హెలికోవర్పా ఆర్మిజెరా శనగపచ్చ పురుగు, పెక్టినోఫోరా గాసిపియెల్లా గులాబీ రంగు పురుగు, స్కిర్పోఫాగా ఇన్సర్టులాస్ వరి కాండం తొలుచు పురుగు, ల్యూసినోడెస్ ఆర్బొనాలిస్ వంగలో మొవ్వ, కాయ తొలిచేది. పురుగు శాస్త్రీయ నామం లేకుండా "పత్తికి", "కూరగాయలకు" అని మాత్రమే రాసి ఉన్న ఎర ఊరికే ఇచ్చినా వద్దు.

ఇక బుట్టలు. ఎక్కువగా దొరికేది గరాటు బుట్ట. పైన పళ్లెం లాంటి మూత, మూత అడుగున ఎర బిగించే గూడు, కింద గరాటు, గరాటుకు తొడిగే పొడవాటి పాలిథిన్ సంచి. మగ పురుగు ఎర చుట్టూ తిరిగి తిరిగి మూతకు తగిలి గరాటులోంచి సంచిలోకి జారుతుంది. శనగపచ్చ పురుగు, లద్దె పురుగు, కత్తెర పురుగు లాంటి లావుపాటి రెక్కల పురుగులకు దీన్ని మించింది లేదు. వరికీ ఇదే చాలు. ప్లాస్టిక్ భాగం జాగ్రత్తగా దాచుకుంటే చాలా సీజన్లు వస్తుంది, మార్చాల్సింది ఎర, సంచి మాత్రమే.

దీని లోపమంతా సంచిలోనే. పల్చటి సంచి ఎండకు పెళుసెక్కి చిరుగుతుంది. లోపల కొట్టుకునే పురుగుల కోసం కాకులు ముక్కుతో పొడుస్తాయి. కింది చివర రబ్బరు బ్యాండుతో కడితే ఎండకు అది తెగిపోతుంది, పడ్డవన్నీ నేలపాలు. నూలు దారంతో లాగితే ఊడే ముడి వేయండి, లెక్కపెట్టేటప్పుడు విప్పడం సులువు. అడుగున సూదితో నాలుగైదు చిల్లులు పెట్టకపోతే వాన నీళ్లు నిలిచి పురుగులు కుళ్లిపోతాయి, తర్వాత ఏది ఏ పురుగో గుర్తుపట్టలేరు. కొనేటప్పుడు సంచిని రెండు వేళ్లతో సాగదీసి చూడండి. తెల్లగా గీత పడి చిరిగే రకమైతే దాన్ని పక్కన పెట్టి, మందపాటి సంచులు విడిగా తెచ్చుకోండి.

డెల్టా బుట్ట ముక్కోణపు గుడారంలా ఉంటుంది, అడుగున జిగురు అట్ట. చిన్న రెక్కల పురుగులకు ఇది మేలు. గులాబీ రంగు రెక్కల పురుగు సెంటీమీటరు పొడవు కూడా ఉండదు, జిగురు మీద పడితే చెదరకుండా లెక్కకు దొరుకుతుంది. కానీ దుమ్ము పడితే దీని పని అయిపోయినట్టే. బండి దారి పక్కన పెట్టిన బుట్టలో జిగురు రోజుల్లోనే పౌడరు చల్లినట్టు ఆరిపోతుంది, పురుగుల రెక్కల పొలుసులు కూడా అదే చేస్తాయి. వేలి కొసతో అట్టను ముట్టి చూడండి, దారంలా సాగాలి. సాగకపోతే ఎర బాగున్నా అట్ట మార్చాల్సిందే. ఎరతో పాటు అదనపు అట్టలు అమ్మని దుకాణంలో డెల్టా బుట్ట కొనకపోవడమే మంచిది.

వంగకు నీటి పళ్లెం బుట్ట బాగా పనిచేస్తుంది. ఎర కింద పళ్లెంలో నీళ్లు పోసి రెండు మూడు చుక్కల సబ్బు ద్రావణం వేస్తారు. సబ్బు లేకపోతే పురుగు నీటి మీద తేలి మళ్లీ ఎగురుతుంది. ఎరకూ నీటికీ మధ్య అంగుళం దూరం ఉండాలి. ఎండాకాలం రోజూ నీళ్లు పోసే ఓపిక లేకపోతే గరాటు బుట్టకే వెళ్లండి.

ఎర కొనేటప్పుడు చూడాల్సినవి మూడు. లోపలి సంచి అల్యూమినియం రేకుదై గట్టిగా అతికి ఉండాలి, తయారీ తేదీ, గడువు తేదీ అచ్చై ఉండాలి, దుకాణంలో దాన్ని ఎక్కడ పెట్టారో కళ్లతో చూడాలి. రేకుల షెడ్డులో, పురుగుమందుల డబ్బాల మధ్య నెలల తరబడి పడి ఉన్నది వద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చే దుకాణదారుకు ఎర సంగతి తెలుసన్నమాట. ఇంటికి తెచ్చాక కూడా వాడే రోజు వరకు ఫ్రిజ్‌లోనే ఉంచాలి, పిల్లలకు అందకుండా మూత డబ్బాలో పెట్టి. సంచి ముందే కత్తిరించి పెట్టుకోవద్దు, కత్తిరించిన క్షణం నుంచి వాసన పోతూనే ఉంటుంది.

చేతితో ముట్టుకోకుండా ఎర తగిలించడం అన్నది చాలామంది పట్టించుకోని విషయం. సంచి ఒక మూల కత్తిరించి, బిరడాను సంచిలోంచే నెట్టి గూట్లో బిగించాలి. శనగపచ్చ పురుగు ఎర పట్టిన వేళ్లతోనే లద్దె పురుగు ఎర పట్టుకుంటే ఒకదాని వాసన ఇంకొకదానికి అంటుతుంది. పాళ్లు చెడితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. పురుగుమందు కలిపిన చేతులు, పొగాకు నలిపిన చేతులు అసలే వద్దు. రెండు పురుగులకూ కలిసొస్తుందని ఒకే బుట్టలో రెండు ఎరలు పెట్టడం ఆదా కాదు. రెండు బుట్టలు పెట్టి మధ్య దూరం ఉంచండి.

బుట్ట ఎత్తు పైరు కొసల కంటే ఒక అడుగు పైన ఉండాలి. నాటిన రోజున సరిగ్గానే పెడతారు, తర్వాత పైరు పెరుగుతుంది, బుట్ట ఆకుల్లో మునిగిపోతుంది, వాసన గాలిలోకి పోదు. బుట్టలో పురుగులు తగ్గాయని ఫిర్యాదు వచ్చే చేలల్లో ముందు చూడాల్సింది ఇదే. అందుకే మొదటే పొడవాటి కర్ర పాతి, బుట్టను జార్చి కట్టుకుని, పైరుతో పాటు ఎత్తుకుంటూ పోవాలి. బుట్టకూ బుట్టకూ మధ్య 50 మీటర్ల దూరం సరిపోతుంది. వీధి దీపం కింద, ఇంటి గోడ పక్కన, చెట్టు నీడలో పెట్టొద్దు.

సంఖ్యల దగ్గరికి వస్తే, గులాబీ రంగు పురుగు జాడ చూడటానికి హెక్టారుకు 5, అంటే ఎకరాకు 2 బుట్టలు. విత్తిన 45 రోజుల నుంచి పెట్టాలి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున మగ పురుగులు పడితే ఇక ఆగకూడదు. అప్పుడు కూడా వెంటనే మందు కొట్టడం కాదు, చేలోకి దిగి గుడ్డిపూలు (పురుగు లోపల ఉండి విచ్చుకోని పూలు) చూడండి, ఎకరాకు 20 పచ్చికాయలు కోసి విప్పండి. రెండు కాయల్లో పురుగు బతికి ఉంటే మందు అవసరమైనట్టు. వరిలో ఎకరాకు 3 బుట్టలు, వారంలో బుట్టకు 25 నుంచి 30 పడితే చర్య తీసుకోవాలి. శనగపచ్చ, లద్దె పురుగులకు ఎకరాకు 4. ఈ రెండింటికీ బుట్ట లెక్కతో పాటు గుడ్లు చూడటం ముఖ్యం. శనగపచ్చ పురుగు లేత కొసల మీద విడివిడిగా పెడుతుంది. లద్దె పురుగు ఆకు మీద గుంపుగా పెట్టి గోధుమ రంగు నూగుతో కప్పుతుంది. బుట్టలో మగవి ఒక్కసారిగా పెరిగిన వారంలో ఆ ఆకులు ఏరి నాశనం చేస్తే వందల పురుగులు పుట్టకుండానే పోతాయి. లద్దె పురుగు పెద్దదయ్యాక మందులకు తేలిగ్గా లొంగదు. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు దాని చేతిలో పడ్డ కష్టం తెలిసినవాళ్లకు ఈ వారం రోజుల విలువ వేరే చెప్పక్కర్లేదు.

లెక్క పొద్దున్నే, ఎండ ఎక్కకముందే తీయాలి. సంచిలో పడ్డ ప్రతిదాన్నీ లెక్కలో వేయకూడదు, దారి తప్పి దూరినవీ ఉంటాయి. శనగపచ్చ రెక్కల పురుగు గడ్డి రంగులో ఉండి, ముందు రెక్క మీద మూత్రపిండం ఆకారంలో ఒక మచ్చ, వెనక రెక్క అంచున నల్లటి పట్టీ ఉంటాయి. లద్దె పురుగుకు ముందు రెక్క మీద అడ్డదిడ్డంగా తెల్ల గీతలు, వెనక రెక్క తెల్లగా ఉంటుంది. కత్తెర పురుగు ఎరకు మాత్రం వేరే జాతులవి కూడా కొన్ని వస్తుంటాయి, అక్కడ గుర్తుపట్టడం నేర్చుకోకుండా లెక్క నమ్మొద్దు.

ఎర మూడు వారాలకోసారి మార్చాలి, మండే ఎండల్లో ఇంకా ముందే. బుట్టలు వరుసగా ఖాళీగా ఉంటే పురుగు లేదా, ఎర చచ్చిందా అన్న అనుమానం వస్తుంది. సగం బుట్టల్లో తాజా ఎర పెట్టి మూడు రాత్రులు చూడండి. వాటిలో పడి పాతవాటిలో పడకపోతే జవాబు దొరికినట్టే. తీసేసిన ఎరను చేలో పారేయకండి, అది అక్కడ కూడా కొంత వాసన వదులుతూ మగ పురుగుల్ని దారి తప్పిస్తుంది, బుట్ట లెక్క తగ్గుతుంది. కవర్లో చుట్టి ఇంటి దగ్గర గుంతలో పూడ్చండి.

ఇప్పుడు ఈ సరుకు మీద అమ్మేవాళ్లు చెప్పే పెద్ద మాట: బుట్టలు ఎక్కువ పెడితే పురుగే ఉండదని. ఈ మాట నమ్మి డబ్బు పోసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. బుట్టలో పడేవి మగవే. ఒక మగది చాలా ఆడవాటితో జతకడుతుంది కాబట్టి నూటికి తొంభై పట్టినా మిగిలిన పది చాలు. పైగా పక్క చేలో అప్పటికే జతకట్టిన ఆడది ఎగిరొచ్చి మీ చేలో గుడ్లు పెడుతుంది, దానికి మీ ఎరతో పనే లేదు. ఎకరాకు 8, ఆపైన బుట్టలు పెట్టి మగవాటిని పట్టే పద్ధతి ఉంది, పురుగు తక్కువగా ఉన్న తొలి రోజుల్లో, ఊరంతా కలిసి పెడితే ఫలితం ఉంటుంది. ఒక్కరే ఒక్క ఎకరంలో పెడితే ఖర్చే మిగులుతుంది. చేనంతా ఆడ పురుగు వాసన నింపి మగవాటిని గందరగోళపెట్టే తాళ్లు, ముద్దలకూ ఇదే మాట వర్తిస్తుంది. జాడ చూడటానికైతే రెండు మూడు బుట్టలకు, ఎరలకు అయ్యే ఖర్చు ఒక్క పిచికారీ ఖర్చు కంటే తక్కువ. అనవసరమైన ఒక్క పిచికారీ ఆగినా డబ్బు తిరిగొచ్చినట్టే.

మామిడి, సొరజాతి తోటల వాళ్లు కొనే పండు ఈగ బుట్టను దీనితో కలపొద్దు. దానిలోని మిథైల్ యూజినాల్ ఆడ ఈగ వాసన కాదు. ఒక్క జాతికి పరిమితం కాకుండా మామిడిని పాడుచేసే రెండు మూడు జాతుల మగ ఈగలు దానికి వస్తాయి. అయితే సొరజాతి కూరగాయల ఈగ దానికి రాదు, దానికి క్యూల్యూర్ అనే వేరే ఎర కావాలి. దోస, కాకర పందిళ్లలో మామిడి ఎర పెట్టి లాభం లేదు.

ఎరతో పాటు అదే అరలో అమ్మే ఎన్.పి.వి. (పురుగుకు జబ్బు చేసి చంపే వైరస్) ద్రావణం గురించి కూడా ఒక మాట. ఇదీ జాతికి కట్టుబడిన సరుకే. శనగపచ్చ పురుగు ఎన్.పి.వి. దానికీ, దాని అతి దగ్గరి చుట్టాలకూ తప్ప లద్దె పురుగుకు పట్టదు. లద్దె పురుగుకు వేరే సీసా ఉంటుంది. సాలీళ్లకు, అక్షింతల పురుగులకు, తేనెటీగలకు, మనిషికి, పశువుకు హాని లేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ వాళ్లు ఊళ్లలోనే దీన్ని తయారుచేసుకోవడం రైతులకు నేర్పారు. ఎకరాకు 200 ఎల్.ఇ. (జబ్బుతో చచ్చిన ఒక పురుగులో ఉండేంత వైరస్ ఒక ఎల్.ఇ.), లీటరు నీటికి 5 గ్రాముల బెల్లం, 1 మి.లీ. టీపాల్ (సబ్బు లాంటి ద్రవం) కలిపి సాయంత్రం కొట్టాలి. పొద్దున కొడితే ఎండలోని అతినీలలోహిత కిరణాలకు వైరస్ చచ్చిపోతుంది. పురుగు దాన్ని తినాలి, తింటేనే దాని పొట్టలోని క్షారానికి వైరస్ పొర కరిగి పని మొదలవుతుంది. చిన్న పురుగులు వారం లోపు కొమ్మ కొసకు పాకి తలకిందులుగా వేలాడి చస్తాయి, ముట్టుకుంటే చర్మం పగిలి ద్రవం కారుతుంది. పెద్ద పురుగుల మీద కొట్టి మూడో రోజు "మందు పనిచేయలేదు" అనడం ఈ సరుకు తప్పు కాదు. బుట్టలో మగవి పెరిగిన వారంలోనే గుడ్లు పగిలే సమయం చూసి కొట్టాలి. ఈ రెండు సరుకులూ కలిపి వాడినప్పుడే ఒకదాని విలువ ఇంకొకదానితో పెరుగుతుంది.

రెండున్నర ఎకరాల పత్తికి లెక్క వేస్తే, గరాటు లేదా డెల్టా బుట్టలు 5. 45వ రోజు నుంచి 150వ రోజు దాకా మూడు వారాలకోసారి మార్చితే 5 విడతలు, అంటే గాసిప్లూర్ ఎరలు 25. డెల్టా అయితే అట్టలు అంతకంటే కొన్ని ఎక్కువే పెట్టుకోండి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే 25 ఒకేసారి తేవద్దు, విడతకు 5 చొప్పున తెచ్చుకుని, ప్రతిసారీ సంచి మీద తేదీ చదవండి. పత్తి తీశాక ఇంట్లో గానీ జిన్నింగు మిల్లులో గానీ నిల్వ ఉన్నచోట ఒకటి రెండు బుట్టలు అలాగే ఉంచండి. గింజలో నిద్రపోతున్న పురుగు రెక్కలొచ్చి బయటికొచ్చేది అక్కడినుంచే.